ఏడు సముద్రాలు దాటిన కలబంద పువ్వు

ఎండ కూడా మెత్తగా కాసే కాలంలో, పొగడపురం అనే రాజ్యంలో, ధవళకీర్తి అని ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకి హేమవల్లి అని ఒక రాణి, ముగ్గురు కొడుకులు, ఆ ముగ్గురి తర్వాత చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కూతురు. పెద్దకొడుకు వజ్రకేతు కత్తి దూశాడంటే ఎదుటివాడు కత్తి కింద పడేసేవాడు. రెండోవాడు రత్నకేతు బాణం వేశాడంటే అది తగిలాకే కనిపించేది. మూడోవాడు పుష్పకేతు సంగతి చెప్పాలంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది. గుర్రం ఎక్కరా నాయనా అంటే, ముందు జీను ఎత్తి దాని వీపు మీద పుండు ఉందేమోనని చూసేవాడు. ఉందా, ఇక ఎక్కడు. ఆ పుండు కడిగి, పసుపు రాసి, దాని మెడ నిమురుతూ పొద్దంతా అక్కడే కూర్చునేవాడు.

"వీడికి రాజ్యం ఇస్తే శత్రువుల గాయాలకి కూడా కట్లు కడతాడు" అని రాజుగారు తల పట్టుకునేవారు.

"కడితే తప్పేంటి నాన్నగారూ?" అనేవాడు పుష్పకేతు, నిజంగానే అర్థం కాక.

వాళ్ళ చెల్లెలి పేరు నవనీత. ఏడేళ్ళ పిల్ల. ఎవరి ఒళ్ళో కూర్చుంటే ఆ ఒళ్ళోనే నిద్రపోయేది. అమ్మ ఒళ్ళో అయితే కూర్చోకముందే నిద్రపోయేది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ప్రతి ఇంటి గుమ్మానికీ దిష్టి తగలకుండా ఒక కలబందని తాడుతో తలకిందులుగా వేలాడదీసేవాళ్ళు. వేళ్ళు పైకి, మట్టలు కిందికి. దానికి మట్టి లేదు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. అయినా ఏళ్ళ తరబడి పచ్చగా బతికేది, గాలి తిని కడుపు నింపుకునేదో ఏమో. కానీ నేలలో మాత్రం ఎవ్వరూ నాటేవాళ్ళు కాదు. దిష్టి మొక్కని పెరట్లో పెడితే దిష్టి కూడా పెరట్లో వేళ్ళు తన్నుతుందని వాళ్ళ భయం. అందుకని పొగడపురంలో ఒక్కరంటే ఒక్కరు కూడా కలబంద పువ్వుని చూసి ఎరగరు. అసలు కలబందకి పువ్వు పూస్తుందంటేనే నవ్వేవాళ్ళు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి పిల్లలూ, తర్వాత మనకి అవసరం పడుతుంది.

నవనీత ఏడో పుట్టినరోజు నాడు పొద్దున్నే కోట ముందు ఒక కేక వినిపించింది.

"సున్నిపిండమ్మా సున్నిపిండి! పూలతో నూరిన సున్నిపిండి!"

రాణి కిటికీలోంచి చూసింది. నెత్తిన బుట్ట పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డం చూస్తే తెల్లగా ఉంది, ముఖం చూస్తే చంటిపిల్లాడి ముఖంలా నున్నగా ఉంది. బుట్టలోంచి వాన పడ్డ పొగడపూల వాసన గుప్పుమంటోంది.

"ఇంట్లో విసిరిన పెసరపిండి ఉండగా బయటిది ఎందుకు తల్లీ?" అంది దాది నాంచారమ్మ. రాజు చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో పిల్లలందరినీ పెంచింది ఆవిడే.

"ఒక్కరోజుకే కదా అవ్వా, పిల్ల పుట్టినరోజు" అంది రాణి. కొని, తన చేతులతోనే కూతురికి నలుగు పెట్టింది. వీపుకి, చేతులకి, పాదాలకి, కిలకిలా నవ్వే బుగ్గలకి.

ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. పిల్ల ఒళ్ళు కందిపోయి, కమిలిపోయి, ఎండిన చెరువు నేలలా బీటలు వారింది. గుడ్డ తగిలితే మంట. గాలి తగిలితే మంట. అమ్మ చెయ్యి తగిలితే అన్నిటికంటే ఎక్కువ మంట. ఒక వైద్యుడు వచ్చి చందనం రాశాడు, ఒక వైద్యుడు వచ్చి వెన్న రాశాడు, ఒక వైద్యుడు వచ్చి పన్నీరు చల్లాడు. రాసినకొద్దీ మంట పెరిగిందే తప్ప తగ్గలేదు. పిల్లని లేత అరటాకుల మీద పడుకోబెట్టారు. రాణి మూరెడు దూరంలో కూర్చుని, పొడుగాటి వెండి గరిటెతో పాలు పట్టేది. గరిటె పట్టుకున్న తన చేతుల్ని చూసుకుంటూ ఏడ్చేది.

అప్పుడు నాంచారమ్మ చెప్పింది. "వాడు సున్నిపిండి అమ్ముకునేవాడు కాదమ్మా. మరుభూతి అనే మాంత్రికుడు. పిల్లల ఒంట్లో మెత్తదనం దోచుకుని తన ముఖానికి పూసుకుంటాడని మా అమ్మమ్మ చెప్పేది. ఏడాది తిరిగేసరికి పిల్ల ఇసుక బొమ్మ అయిపోతుంది. దీనికి విరుగుడు ఒక్కటే. ఏడు సముద్రాల అవతల వాడి దీవిలో కలబంద పూస్తుందట. ఆ పువ్వు వాడిపోకుండా తెచ్చి, ఏ చేతులు నలుగు పెట్టాయో ఆ చేతులే రాయాలి."

"మరి వాడు ఊరుకుంటాడా?" అన్నాడు రాజు.

"ఊరుకోడు బాబూ. వాణ్ణి చంపడానికీ లేదు. ప్రాణం ఎక్కడో దాచుకున్నాడట."

"ఇంకెక్కడ? చిలకలో!" అన్నాడు వజ్రకేతు. "మాంత్రికుల ప్రాణాలన్నీ చిలకల్లోనే ఉంటాయి. మెడ విరిచేసి వస్తాను." కత్తి కట్టుకుని పెద్ద ఓడలో వెళ్ళాడు. నాలుగు నెలలు గడిచాయి, రాలేదు.

"అన్నయ్య కత్తితో వెళ్ళాడు, చిలక ఎగిరిపోయి ఉంటుంది" అన్నాడు రత్నకేతు. అమ్ములపొది కట్టుకుని ఇంకా పెద్ద ఓడలో వెళ్ళాడు. మరో నాలుగు నెలలు గడిచాయి, వాడూ రాలేదు.

నవనీత కాలి వేళ్ళ చివర్ల నుంచి సన్నగా ఇసుక రాలడం మొదలైంది. ఒక సాయంత్రం పుష్పకేతు విసరకుండా, ముట్టుకోకుండా, ఊరికే ఆ అరటాకు పక్కన కూర్చుని ఉంటే ఆ పిల్ల మెల్లగా అంది.

"చిన్నన్నయ్యా, అమ్మ చెయ్యి ఎలా ఉండేదో మర్చిపోతున్నాను."

పుష్పకేతు ఇంక కూర్చోలేదు. "నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు. రాజుగారు వద్దన్నారు. ఇద్దరు పోయారు, ఒక్కడివి మిగిలావు అన్నారు. కానీ కొడుకు కళ్ళు చూసి తలుపు దగ్గర నుంచి పక్కకి జరిగారు.

వెళ్ళేముందు నాంచారమ్మ తన గుడిసె గుమ్మానికి కట్టిన కలబందని తాడుతో సహా విప్పి తెచ్చింది. అది ముసలి మొక్క, దానికి మిగిలినవి మూడే మట్టలు.

"మీ అన్నలకీ ఇవ్వబోయాను. ఓడకి వజ్రాల జెండాలుండగా ఈ దిష్టి మొక్క ఎందుకన్నారు. నువ్వైనా తీసుకెళ్ళు నాయనా. పడవ తెరచాప కొయ్యకి తలకిందులుగా కట్టు."

"నీ గుమ్మం బోసిపోదా అవ్వా?"

"నువ్వు తిరిగొస్తే అదే పదివేలు" అంది అవ్వ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

మొదటిది ఉప్పు సముద్రం. అక్కడ ఒక తాబేలు పాత వలతాడు మెడకి చిక్కుకుని, చర్మం ఒరుసుకుపోయి, తేలలేక మునగలేక కొట్టుకుంటోంది. పుష్పకేతు తాడు కోసి, ఒక కలబంద మట్ట చీల్చి, చల్లటి గుజ్జు దాని మెడకి రాశాడు.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది తాబేలు. "ఎక్కడికయ్యా ప్రయాణం?"

"ఏడు సముద్రాల అవతలికి."

"ఈ చిన్న పడవలోనా? నీకు దారి తెలీదు, నాకు వేరే పని లేదు. పద, లాక్కెళ్తాను."

రెండోది చెరుకురసం సముద్రం. అలలు బంగారు రంగులో లేచి పడుతుంటే గాలంతా తియ్యగా ఉంది. మూడోది కల్లు సముద్రం. ఆ వాసనకే తాబేలు కళ్ళు తేలేసి, సొంత పాటొకటి కట్టి పాడుతూ పడవని మూడుసార్లు గుండ్రంగా తిప్పింది. నవ్వకండి, పాపం దానికి అలవాటు లేదు. నాలుగోది నేతి సముద్రం. అక్కడ అలలకి చప్పుడే లేదు. ఆ నేతి సముద్రం మధ్యలో ఒక ఇసుక దిబ్బ, కాలిన పెనంలా ఉంది. దాని మీద ఒక ముంగిస నాలుగు కాళ్ళూ బొబ్బలెక్కి గెంతుతోంది. పుష్పకేతు దాన్ని ఎత్తుకుని, రెండో మట్ట చీల్చి, నాలుగు కాళ్ళకీ గుజ్జు పట్టించాడు.

"ఇంత చల్లదనం ఉందని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!" అంది ముంగిస. "నన్ను దింపకు బాబూ, నీతోనే వస్తాను. నాకు తవ్వడం తప్ప ఇంకేం రాదు, అయినా ఉంచుకో."

ఐదోది పెరుగు సముద్రం. పడవ తేలలేదు, మీగడ మీద జారుకుంటూ పోయింది. ఆరోది పాల సముద్రం. ఆకాశం ఏదో నీరు ఏదో తెలీని తెల్లదనంలో మూడు రోజులు పోయారు, పడవ కదులుతోందో లోకమే కదులుతోందో వాళ్ళకి తెలియలేదు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. ఎంత తేటగా ఉందంటే, అడుక్కి తొంగి చూసిన పుష్పకేతుకి తన చిన్నతనం కనిపించింది. అమ్మ పురిటి మంచం పక్కన నిలబడి, పుట్టిన గంటకి నవనీతని మొదటిసారి చేతుల్లోకి తీసుకుంటున్న తను. ఆ బరువు ఇంకా చేతుల్లో ఉన్నట్టే అనిపించి, వాడికి ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చాడు. తాబేలు పడవని మెల్లగా లాగింది.

ఆ సముద్రం చివర దీవి. దీవి నిండా కలబంద. అక్కడ అవి నేలలోంచి లేచి నిలబడ్డాయి. ఒక్కో మొక్క మధ్యలోంచి నిలువెత్తు కాడ, కాడ చివర కంకి, కంకి నిండా కిందికి వాలిన సన్నటి గొట్టాల్లాంటి పువ్వులు. కొన్ని పసుపు, కొన్ని నారింజ. గాలి వీస్తే తోటంతా దీపాలు ఊగినట్టు ఊగింది. పుష్పకేతు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ మన గుమ్మాలకి వేలాడదీసింది దీన్నా అనుకున్నాడు.

తోట మధ్య ఒక మంటపం. మంటపంలో బంగారు పంజరం. పంజరంలో చిలక. మంటపం చుట్టూ మనుషుల్లా నిలబడ్డ రాళ్ళు, పంజరాన్ని ఆనుకుని మరో రెండు. ఒక రాయి చిలక మెడ మీదికి చెయ్యి చాపి ఉంది. ఇంకో రాయి బాణం ఎక్కుపెట్టి ఉంది. ఆ ముఖాలు చూడగానే పుష్పకేతు పరుగెత్తాడు.

"అన్నయ్యలూ!" అని ఆ రాళ్ళని కావిలించుకున్నాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, చిలక వైపు చూశాడు. ఇక్కడ ఇంకెవరైనా అయితే కోపంతో దాని మెడ పట్టుకునేవాళ్ళు, రాయి అయిపోయేవాళ్ళు. మనవాడికి మెడ కనిపించలేదు. దాని కాలు కనిపించింది. బంగారు కడియం ఒరుసుకుని, కాలు చుట్టూ పచ్చిపుండు పడి ఉంది.

"అయ్యో, ఎన్నాళ్ళైంది నీకు ఈ పుండు?" అని పంజరం తలుపు తీసి, కడియం వదులు చేసి, ఆఖరి మట్ట చీల్చి గుజ్జు రాశాడు. ఇప్పుడు పడవ కొయ్యకి మిగిలింది ఒట్టి తాడే.

చిలక ఆ కాలిని ఒకసారి మడిచి, చాచి చూసుకుంది. తర్వాత అంది.

"నూటపన్నెండు మంది వచ్చారు. అందరూ నా మెడే చూశారు. కాలు చూసినవాడివి నువ్వొక్కడివే. విను. వాడి ప్రాణం నాలో లేదు."

"లేదా?"

"మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. అందరికీ తెలిసిన చోట ఎవడైనా దాస్తాడా? నన్ను ఎరగా పెట్టాడు. వాడి ప్రాణం అదిగో, అందులో ఉంది."

చిలక చూపించిన వైపు, ఒక కలబంద కంకి పక్కన, బొటనవేలంత తేనెపిట్ట గాలిలో నిలబడి, పువ్వులో ముక్కు పెట్టి తేనె తాగుతోంది. ఎండ పడినప్పుడు నీలంగా, నీడ పడినప్పుడు నల్లగా మెరుస్తోంది.

"దాన్ని చంపకు" అంది చిలక. "అది చస్తే ఈ పూలన్నీ వాడిపోతాయి, నీ చెల్లెలికి మందు ఉండదు. ఆ పిట్ట తోటలో ఉన్నంతకాలం వాడు ఎక్కడికైనా వెళ్తాడు, వస్తాడు. పిట్ట తోట దాటిందా, ఒక్కో సముద్రానికి నూరేళ్ళ చొప్పున వాడి వయసు వాడి మీద పడుతుంది. కానీ అది తోట ఎందుకు దాటుతుంది? ఈ పువ్వు ఇంకెక్కడా లేదు కదా."

"పువ్వుని తీసుకెళ్తే పిట్ట వెంట రాదా?"

"పువ్వు కోస్తే ఇసుకైపోతుంది" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "ఎవరయ్యా నువ్వు? వచ్చినవాళ్ళు రాళ్ళవుతారు గానీ ఇలా కబుర్లు చెప్పరే!"

చేతిలో పూలబుట్టతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు చెంగల్వ. ఐదేళ్ళప్పుడు మరుభూతి ఏదో ఒడ్డు నుంచి ఎత్తుకొచ్చాడు, ఏ ఒడ్డో ఆమెకి గుర్తులేదు. పన్నెండేళ్ళుగా ఈ తోట పని ఆమెదే. పొద్దున్నే పూల కింద పళ్ళెం పట్టి, వాటంతట అవి రాలినవి ఏరి, మేకపాలతో నూరి వాడి ముఖానికి లేపనం చెయ్యాలి. వాడికి దగ్గు వస్తే పూలు మరిగించి తేనె కలిపి ఇవ్వాలి. చెయ్యి కాలితే మట్ట గుజ్జు కట్టాలి. ఇన్ని చేసినా ఆమె చేతులు మాత్రం ఎర్రగా పగిలి ఉన్నాయి, తనకి రాసుకోవడానికి వాడు ఒక్క పువ్వు కూడా ఇవ్వలేదు.

పుష్పకేతు చెల్లెలి సంగతంతా చెప్పాడు. చెంగల్వ బుట్ట కింద పెట్టి కూర్చుండిపోయింది.

"పిట్టని తోట దాటిద్దామని, మొక్కనే పెకిలించి తీసుకెళ్ళాలని నేనూ మూడుసార్లు చూశాను" అంది. "మొదటిసారి కుండలో పెట్టాను, మొదటి సముద్రంలోనే మట్టి ఇసుకై జారిపోయింది. రెండోసారి బుట్టలో పెట్టాను, జారిపోయింది. మూడోసారి కొంగులో మూటగట్టాను, అదీ జారిపోయింది. ఈ దీవి మట్టి దీవి దాటదు. వాడు నన్ను కొట్టను కూడా లేదు. ఊరికే నవ్వాడు. మట్టి లేకుండా మొక్క ఎక్కడైనా బతుకుతుందటే అన్నాడు."

పుష్పకేతు ఆమె వైపు చూశాడు. తర్వాత పడవ కొయ్యకి వేలాడుతున్న ఒట్టి తాడు వైపు చూశాడు. అంతే, పకపకా నవ్వేశాడు.

"మా ఊళ్ళో కలబందకి మట్టి ఎవరు పెడతారు చెంగల్వా? మా ఊళ్ళో కలబంద నిలబడదు, వేలాడుతుంది!"

ముంగిస అప్పుడే పనిలో పడింది. ఒక్క వేరు తెగకుండా, నిండా పూసిన మొక్క చుట్టూ తవ్వి పైకి లేపింది. పుష్పకేతు వేళ్ళకి తాడు బిగించి, మట్టంతా దులిపేసి, పడవ కొయ్యకి తలకిందులుగా కట్టాడు. పూలకాడ కాసేపు కిందికి వేలాడింది. వాళ్ళు చూస్తుండగానే మెల్లగా, మెల్లగా ఒంపు తిరిగి ఆకాశం వైపు లేచింది. చెంగల్వ చప్పట్లు కొట్టి పడవెక్కింది. చిలక పడవ అంచున వాలింది. తాబేలు లాగింది. తేనెపిట్ట ఒకసారి తోట వైపు చూసి, ఒకసారి పడవ వైపు చూసి, ఆ ఎత్తైన కంకి వెంట వచ్చేసింది.

మంచినీళ్ళ సముద్రం దాటుతుండగా, దీవిలో లేపనం పూసుకుని పడుకున్న మరుభూతికి మెలకువ వచ్చింది. అద్దం చూసుకుంటే నుదుటి మీద మొదటి ముడత. గావుకేక పెట్టి, ఇసుక దుమారమై వెంటపడ్డాడు.

పాల సముద్రంలో వాడు వడగాలై వీచాడు. తాబేలు నాలుక ఎండిపోయింది, చెంగల్వ తల పట్టుకుని కూర్చుంది. కలబంద మాత్రం వెంట్రుకంతైనా వాడలేదు. వడగాలి దానికి అమ్మమ్మ ఇంటి గాలి.

నేతి సముద్రం దాటేసరికి వాడికి నడుము వంగింది. చెరుకురసం సముద్రంలో ముసలి జాలరి వేషం వేసుకుని పడవకి ఎదురొచ్చాడు. "అయ్యో, బంగారం లాంటి మొక్క ఎలా వడిలిపోతోందో చూడు నాయనా! కడవ నిండా నీళ్ళు తెచ్చాను, వేళ్ళ మీద పొయ్యి. బతుకుతుంది" అన్నాడు ఎంతో జాలిగా.

చెంగల్వ చెయ్యి కడవ మీదికి వెళ్ళింది. తోటమాలి కదా మరి.

"ఆగు" అన్నాడు పుష్పకేతు. "దిష్టికి కట్టినదానికి నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే కుళ్ళిపోతుందని మా అవ్వ వెయ్యిసార్లు చెప్పింది." జాలరి పళ్ళు కొరికాడు. కొరికిన పళ్ళు ఊడి సముద్రంలో పడ్డాయి.

ఇక ఆఖరిది ఉప్పు సముద్రం. ఒడ్డు కనిపిస్తోంది. అప్పుడు పడవ అంచు పట్టుకుని పైకి వచ్చాడు మరుభూతి. చెయ్యి ఎండుటాకులా ఉంది. ముఖం మీద చంటిపిల్లాడి నునుపు ఎక్కడా లేదు.

"పిట్టని వెనక్కి పంపు బాబూ" అన్నాడు ఏడుస్తూ. "రేపు తెల్లారేసరికి నీ చెల్లెలి మెత్తదనం నేనే తిరిగిచ్చేస్తాను. పువ్వు అవసరం లేదు, ఏమీ అవసరం లేదు. ముసలివాణ్ణి, చూడు ఎలా అయిపోయానో."

పుష్పకేతు గుండె కరిగింది. వాడి గుండె ఎలాంటిదో మీకు తెలుసు కదా. మొక్క కట్టిన తాడు మీదికి చెయ్యి వెళ్ళింది కూడా. అప్పుడు చెంగల్వ తన పగిలిన చేతులు పుష్పకేతు ముందు పెట్టింది.

"రేపు మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తానని నాకు పన్నెండేళ్ళ నుంచి చెబుతున్నాడు" అంది.

పుష్పకేతు ఆ చేతుల్ని చూశాడు. తాడు వదిలేశాడు. "పద తాబేలూ" అన్నాడు. పడవ ఒడ్డు తాకిన క్షణాన, పట్టుకున్న అంచు మీదే మరుభూతి పిడికెడు ఇసుకైపోయాడు. అల వచ్చి దాన్ని తీసుకుపోయింది. అదే క్షణంలో ఏడు సముద్రాల అవతల రాళ్ళన్నీ కళ్ళు తెరిచి, ఒకరినొకరు చూసుకుని, ఓడల వైపు పరుగెత్తాయి.

తేనెపిట్ట మాత్రం హాయిగా తేనె తాగుతోంది. దాని మీద బరువేదో దిగినట్టు, మొదటిసారి కూత కూసింది.

ఆ రోజే నవనీత ఎనిమిదో పుట్టినరోజు. అరటాకు మీద పిల్ల మోకాళ్ళ దాకా ఇసుక రంగు పాకింది. కళ్ళు మాత్రం తలుపు వైపే ఉన్నాయి. చెంగల్వ పరుగున వచ్చి, కంకి కింద పళ్ళెం పట్టి, వాటంతట అవి రాలిన పూలు ఏరి, మట్ట గుజ్జుతో కలిపి నూరింది. నారింజ రంగు, చల్లటి లేపనం. గిన్నె తెచ్చి రాణి ముందు పెట్టింది.

రాణి వెనక్కి జరిగింది. "నేను ముట్టుకోను. ఈ చేతులే దాన్ని ఇలా చేశాయి. ఇంకెవరైనా రాయండి."

"మీరే రాయాలి తల్లీ" అంది నాంచారమ్మ.

రాణి చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. లేపనం వేళ్ళకి తీసుకుని మళ్ళీ ఆగిపోయింది.

"అమ్మా" అంది నవనీత, గాలి కదిలినంత చిన్నగా. "మంట పుట్టినా ఫర్వాలేదమ్మా. ఒక్కసారి ముట్టుకో."

రాణి ముట్టుకుంది. ముందు పాదాలు. తర్వాత చేతులు, వీపు. చివరికి బుగ్గలు. ఎక్కడ చెయ్యి పడితే అక్కడ బీటలు మూసుకుని, ఇసుక రాలిపోయి, లేత చర్మం తేలింది. నవనీత ఏడవలేదు, అరవలేదు. అమ్మ చేతిని తన బుగ్గకి అదిమిపెట్టుకుని, "ఆఁ, ఇలాగే ఉండేది" అంది. అంటూనే అమ్మ ఒళ్ళోకి పాకి, కూర్చోకముందే నిద్రపోయింది. రాణి ఆ రోజంతా కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి, అన్నం చల్లారింది, చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయారు. అయినా కదల్లేదు.

కొన్నాళ్ళకి అన్నలిద్దరూ ఓడలు దిగారు. రాజ్యం ఎవరికని సభలో మాట వస్తే వజ్రకేతే లేచాడు. "మాకు చిలక మెడ కనిపించింది నాన్నగారూ. తమ్ముడికి దాని కాలు కనిపించింది. రాజ్యం వాడికే ఇవ్వండి." రాజుగారు ఈసారి తల పట్టుకోలేదు, కొడుకు తల నిమిరారు.

పుష్పకేతుకీ చెంగల్వకీ పెళ్ళి జరిగింది. పెళ్ళికి ముందు నలుగు పెట్టే వేళ, రాణి ఇంట్లో విసిరిన పెసరపిండిలో కలబంద పూలు నూరి కలిపి, కోడలి పగిలిన చేతులకి తనే రాసింది. పన్నెండేళ్ళలో ఆమెకి ఎవరైనా ఏదైనా రాయడం అదే మొదటిసారి. చెంగల్వ ఏడుస్తుంటే మంటగా ఉందా అమ్మా అని రాణి కంగారు పడింది. మంట కాదత్తయ్యా అంది చెంగల్వ. తాబేలు చెరువులోంచి పెళ్ళి చూసింది. ముంగిస అరుగు కింద తవ్వి తిట్లు తింది. చిలక కాలికి కడియం లేకుండా పందిరంతా తిరిగింది.

ఆ తర్వాత పొగడపురంలో గుమ్మానికి ఒక కలబంద వేలాడదీస్తే, పెరట్లో ఒకటి నేలలో నాటేవాళ్ళు. మొదట నాటింది నాంచారమ్మ గుడిసె ముందే, పుష్పకేతు తన చేతులతో. దాని మీదికి మొదట వచ్చింది మన తేనెపిట్టే. పుష్పకేతు మహారాజై చాలా ఏళ్ళు, చాలా చల్లగా పాలించాడు. ఆయన గుర్రాలన్నిటి వీపులూ నున్నగా ఉండేవట.

కథ తను వచ్చిన సముద్రం మీదుగానే వెళ్ళిపోయింది. మీరు లేచి మీ అమ్మ ఒళ్ళోకి వెళ్ళండి.